చీటీ మీద కాశింబీ పేరు

పదకొండేళ్ళుగా ఒక అబద్ధంతో కాపురం చేస్తున్నాను. నేను నోరున్న మనిషిని. మొగుడితో పోట్లాడాను, ప్రిన్సిపాల్‌తో పోట్లాడాను, చిల్లర ఇవ్వని కండక్టరుతో నరసరావుపేట నుంచి గుంటూరు దాకా పోట్లాడుతూనే వెళ్ళాను. దీంతో మాత్రం ఒక్కరోజూ పోట్లాడలేదు. నోరు విప్పితే ఓడిపోతానని తెలుసు కాబట్టేనేమో. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇవాళ మీతో చెప్పగలుగుతున్నాను.

నేను కాలేజీలో బోటనీ చెప్తాను. సముద్రపు ఒడ్డున పెరిగే ఒక పూల పొద లోకానికి కొత్తదని తేల్చి, దాని ఆకునూ పువ్వునూ కాయనూ కొలిచి, వర్ణించి, పేరు పెట్టిన మనిషిగా మా వైపు నన్ను గుర్తుపడతారు. పేపర్లో ఫోటో పడింది. శాలువాలు కప్పారు. కానీ ఇది వేరే మొక్క అని మొదట చెప్పింది నేను కాదు. మా ల్యాబ్ అటెండరు, షేక్ కాశింబీ.

ఇట్లాంటివి రాసేవాళ్ళు పేర్లు మారుస్తారు. నా పేరు నేను దాచుకుంటున్నాను, పిరికిదాన్ని. ఆమె పేరు మాత్రం మార్చను. ఒకసారి మార్చింది చాలు.

కాశింబీది నా ఈడే. ఇంటర్ తప్పి చదువు ఆపేసింది. వాళ్ళ నాన్నకు మోటార్ వైండింగ్ షాపు ఉండేది. మిరప తోటలకు నీళ్ళు తోడే మోటార్లు కాలిపోతే రైతులు అక్కడికే తెచ్చేవాళ్ళు. చిన్నప్పటి నుంచీ రాగి తీగ చుట్లు లెక్కపెట్టిన కళ్ళు ఆమెవి. ఒక్క చుట్టు తప్పినా మోటారు మళ్ళీ కాలుతుందనేది. ఆ కళ్ళతోనే మా ల్యాబ్‌లో ఆకులను చూసేది. స్లయిడ్లు కడుగుతూ, పిల్లలు తప్పుగా గీసిన బొమ్మలు చూసి తనలో తను నవ్వుకునేది. నాకా నవ్వు నచ్చేది కాదు. తప్పులు పట్టడం నా పని కదా.

ఆ ఏడాది పిల్లలను బాపట్ల దాటి సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాం. పెదకూరపాడు వైపు నుంచి, ఎడ్లపాడు వైపు నుంచి వచ్చే రైతుల పిల్లలు. సగం మందికి సముద్రం చూడటం అదే మొదలు. వాళ్ళు నీళ్ళ వైపు పరిగెత్తారు, నేను వాళ్ళ వెనక. కాసేపటికి కాశింబీ ఒక కొమ్మ పట్టుకొని వచ్చింది. చూస్తే ఆ ఒడ్డంతా ఉండే తెల్లపూల పొదే. ఆమె కాదంది. పువ్వు గొంతులో నూగు ఉంది, మామూలు దానికి ఉండదంది. కాయ చుట్టూ తొడుగు ఉబ్బి ఎర్రబడింది, అది కూడా ఉండదంది. నేను కొమ్మ వంక సరిగా చూడను కూడా లేదు. ఉప్పుగాలికి మొక్కలు నానా వేషాలూ వేస్తాయని పిల్లల ముందే ఆమెకు పాఠం చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. పిల్లలు నవ్వుతున్నారు. సరే, ఇంత పట్టుబడుతున్నావు కదా, నీ పేరు మీదే చీటీ రాస్తానన్నాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కోసిన కొమ్మను పాత పేపర్ల మధ్య పెట్టి, అదిమి, ఆరబెట్టి, అట్ట మీద అంటిస్తాం. అట్ట కింది మూలన ఒక చీటీ. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు సేకరించారు, వాళ్ళ సేకరణలో అది ఎన్నోది. సేకరించినవాళ్ళకు డిగ్రీ ఉండాలని ఎక్కడా లేదు. ఇంకో నియమం కూడా ఉంది. ఒకసారి అంటించిన చీటీని తీయకూడదు. అందులో తప్పున్నా తీయకూడదు. దిద్దదలిస్తే పక్కన కొత్తది అంటించాలి. పాతది అట్లాగే ఉండాలి, ఎవరు ముందు ఏమనుకున్నారో తర్వాతివాళ్ళకు తెలియాలి. ఈ మాట ప్రతి ఏడూ పిల్లలకు చెప్తాను. మొన్న జులైలో కూడా చెప్పాను.

ఆ చీటీ నా చేత్తోనే రాశాను, ఎగతాళికి. సేకరణ: షేక్ కాశింబీ, నంబరు ఒకటి. పిల్లలు చప్పట్లు కొట్టారు. కాశింబీ మాత్రం దాన్ని ఎగతాళిగా తీసుకోలేదు. జిగురు ఆరేదాకా బల్ల దగ్గరే నిలబడింది.

రెండేళ్ళ తర్వాత కాలేజీకి తనిఖీ వాళ్ళు వస్తారంటే బీరువాలు సర్దుతున్నాను. ఆ అట్ట చేతికొచ్చింది. ఏం బుద్ధి పుట్టిందో, ఎండు పువ్వు ఒకటి తీసి వేడినీళ్ళలో నానబెట్టి, చీల్చి, మైక్రోస్కోపు కింద పెట్టాను. గొంతులో నూగు. వరసగా, దట్టంగా, తెల్లగా. బోటనీ చదివిన ఎవరికైనా ఆ క్షణంలో ఆనందం కలగాలి. నాకేం కలిగిందో చెప్పమంటారా? కోపం. ఆమె చెప్పిందే నిజమని కోపం.

పుస్తకాలన్నీ తిరగేశాను. తెలిసినవాళ్ళను అడిగాను. ఎక్కడా అట్లాంటి మొక్క నమోదు కాలేదు. మళ్ళీ ఒడ్డుకు వెళ్ళాలంటే చోటు నాకు గుర్తు లేదు, కాశింబీనే తీసుకెళ్ళాను. ఆమె తిన్నగా అక్కడికే నడిచింది. ఈలోగా ఆ దిబ్బలు తవ్వి రొయ్యల చెరువులు వేశారు. అంచున నాలుగైదు పొదలు మిగిలాయి, పువ్వు లేదు, కాయ లేదు. అంటే, పూలూ కాయలూ రెండూ ఉన్న నమూనా ఆ పాత అట్ట ఒక్కటే. కొత్త మొక్కను లోకానికి చెప్పాలంటే పత్రికలో వ్యాసం రాసి, ఒక అట్టను ప్రమాణంగా చూపాలి. రేపు ఎవరికి అనుమానం వచ్చినా ఆ అట్టే చూస్తారు. దాని మూలన ఆమె పేరు.

తిరుగు బస్సులో, నీ మొక్క కొత్తదే కావచ్చు అని నేనే ఆమెకు చెప్పాను. మర్నాడు వాళ్ళ వీధి మొత్తానికి చెప్పుకుందట. నాన్న తర్వాత తమ్ముడు నడుపుతున్న షాపులో అందరూ ఆమెను సైంటిస్టు అక్క అని పిలవడం మొదలుపెట్టారట. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ముందే తెలిస్తే ఆగేదాన్నా? ఆగేదాన్నని రాయాలని ఉంది. రాయలేను.

ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు, గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి ఆ చీటీ మీద అద్దాను. జిగురు నానింది. అంచు లేచింది. చీటీ ముక్కలు చేసి సింకులో కడిగేశాను. కొత్త చీటీ మీద నా పేరు రాశాను. కొమ్మ కోసిన తేదీకి నా సేకరణ నంబర్లు అప్పటికే వరసగా అయిపోయాయి, అందుకని చివరి నంబరు పక్కన ‘ఎ’ చేర్చాను. తెలిసినవాళ్ళు చూస్తే ఇదెక్కడి ‘ఎ’ అని అడగాలి. ఎవరూ అడగలేదు.

ఎందుకు చేశాను? ఆ చీటీ ఉన్నా నాకు పోయేదేమీ లేదు. వ్యాసం రాసింది నేనే, పేరు పెట్టింది నేనే. సేకరించింది ఆమె అని ఒక్క వరుస ఉంటే ఏం కరిగిపోతాను? ఇన్నేళ్ళుగా ఇదే అడుగుతున్నాను. ఎవరీ కాశింబీ అని ఎవరైనా ఆరా తీస్తే, ల్యాబ్ అటెండరు నిజం చెప్తుంటే పిల్లలను కూడగట్టుకొని నవ్విన లెక్చరర్ కథ బయటికొస్తుంది. అంతే. కీర్తి కోసం చేశానంటే కాస్త గౌరవంగానైనా ఉండేది. ఓడిపోవడం చేతకాక చేశాను. మొక్కకు పేరు కూడా మా కాలేజీ వ్యవస్థాపకుడిది పెట్టాను. ఆయన జన్మలో ఒక్క మొక్కకు చెంబెడు నీళ్ళు పోసి ఎరగడు.

పేపర్లో నా ఫోటో పడిన రోజు కాశింబీ స్టాఫ్ రూముకు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

“మేడం, అది నేను తెంపిన కొమ్మే గదా?”

పక్కన ఇద్దరు లెక్చరర్లు ఉన్నారు. నా నోరు ఊరుకుంటుందా?

“తెంపితే? మేకలు గూడా తెంపుతయ్, కాశింబీ.”

వాళ్ళు నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వబోయింది.

“అది కాదు మేడం. చీటీ మీద నా పేరు రాశారు గదా. ఇంటికాడ చానా మందికి చెప్పుకున్నా. పేపర్లో ఏందీ నీ పేరు లేదని అడుగుతున్నారు.”

“ఏ చీటీ?” అన్నాను.

ఆమె నా ముఖం వంక చూసింది. ఎంతసేపో. నేను చూపు తిప్పలేదు, అదొక ప్రతిభ నాకు.

“ఏం లేదులే మేడం. నేనే ఏదో అనుకొనుంటా.”

వెళ్ళి స్లయిడ్లు కడుక్కుంది. ఆ తర్వాత ఏ ఆకు గురించీ నాతో మాట్లాడలేదు. పిల్లల బొమ్మలు చూసి నవ్వలేదు. ఏడాది తిరక్కుండా ఉద్యోగం మానేసి తమ్ముడి షాపులో వైండింగ్ పనికి కూర్చుంది. బజార్లో ఎదురైతే బాగున్నారా మేడం అనేది. బాగున్నాను అనేదాన్ని.

పోయినేడు వానల్లో జబ్బుచేసి చనిపోయింది. వారం తర్వాత తెలిసింది నాకు. షాపుకు వెళ్ళాను. తమ్ముడు కుర్చీ తుడిచి వేసి, టీ తెప్పించాడు. మా అక్కకు మీరంటే చానా గౌరవం మేడం అన్నాడు. సైంటిస్టు అక్క అన్న పిలుపు పేపరొచ్చాక ఎట్లా ఎకసెక్కంగా మారిందో అతనే చెప్పాడు. మొదట్లో ఆమె వాదించేదట. తర్వాత, చీటీ సంగతి నేనే కలగన్నానేమో అనడం మొదలుపెట్టిందట. చివరికి ఎవరైనా పూలకుండీ తెచ్చి ఇదేం మొక్క అని అడిగినా, నాకు మొక్కల గురించి ఏం తెలవదు అనేదట. ఇదంతా నా మీద నిందలా చెప్పలేదు అతను. అక్క అమాయకత్వం గురించి చెప్తున్నట్టు చెప్పాడు. నేను టీ తాగాను. చివరి గుక్క దాకా తాగి, గ్లాసు కింద పెట్టి, వచ్చేశాను.

పేరు దొంగిలించాను అనుకునేదాన్ని అప్పటిదాకా. కాదు. రాగి తీగ చుట్టు తప్పని ఆ కళ్ళ మీద ఆమెకున్న నమ్మకాన్ని తీసేశాను. దాన్ని ఏ అట్ట మీద అంటించను?

వ్యాసం అచ్చయ్యాక ఆ అట్టను హెర్బేరియంకు, అంటే ఇట్లాంటి ఎండు మొక్కల అట్టలు భద్రపరిచే చోటికి, పంపాను; మొన్న వాళ్ళకు ఉత్తరం రాశాను. నిజం రాశాను. నా చీటీ పక్కన ఇంకో చీటీ అంటిస్తామని జవాబు వచ్చింది. మొక్క పేరు మాత్రం మారదు. ఒకసారి అచ్చయిన పేరును మనసు మారిందని మార్చుకోవడానికి నియమాలు ఒప్పుకోవు. ఆమె తమ్ముడికి ఇంకా చెప్పలేదు. చెప్తానని మీకు మాట ఇవ్వను. నా మాటకు ఏం విలువుందో ఇప్పుడు మీకు తెలుసు.

సభల్లో నేనొక కథ చెప్తాను. ఎండలో నడుస్తుంటే దిబ్బ పక్కన తెల్లగా ఏదో కనిపించిందని, కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయని. అక్కడ చప్పట్లు పడతాయి. ఆ రోజు నిజంగా జరిగింది ఇది. పిల్లలను కేకలేస్తూ ఆ దారినే వెళ్ళాను. ఏదో పొద నా చీర కొంగు పట్టుకుంది. దానివంక చూడకుండానే విసురుగా లాక్కొని ముందుకు పోయాను. నా వెనక వస్తున్న కాశింబీ ఆగింది. వంగి చూసింది.

ఆ మొక్కను కనుక్కున్నది కాశింబీ.