మా బాపు ఫట్‌ఫటి సప్పుడు

ఆ రోజుల్లో మనిషి ఇంకా కనబడకముందే, బండి చప్పుడు విని వచ్చేదెవరో చెప్పేవాళ్ళం. మా ఊళ్ళో ఉన్నవే వేళ్ళ మీద లెక్కపెట్టే మోటారు సైకిళ్ళు. ఇప్పుడు మా వీధిలో ఇంటికి రెండేసి ఉన్నాయి, అన్నీ ఒకేలా గుర్రుమంటాయి. ఎవరింటికి ఎవరొచ్చారో తలుపు తీస్తే గానీ తెలియదు. ఇదీ ఒక కష్టమేనా అంటారేమో. చప్పుడు లేని బండి ఒక సంసారాన్ని ఎంత ఇరకాటంలో పెడుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే అలాంటి బండిని స్వహస్తాలతో తయారుచేసిన ఘనుణ్ణి నేనే.

మా బాపు పశువుల దవాఖానలో కాంపౌండరు. మోత్కూరు చుట్టుపక్కల పల్లెలు తిరిగి గొర్రెల మందలకు సూదులు వేయడం, ఆవులకు మందులు పోయడం ఆయన పని. తిరగడానికి నాకంటే వయసులో పెద్దదైన ఒక మోటారు సైకిలు ఉండేది. ఊరంతా దాన్ని 'ఫట్‌ఫటి' అనేవాళ్ళు. ఇంజను గట్టిదే, తంటా అంతా ముందరి ఫోర్కుతోనే. ముందు చక్రాన్ని చెరో పక్క పట్టుకునే ఆ రెండు గొట్టాల్లో స్ప్రింగులు చచ్చుబడ్డాయి, గొట్టాలు ఒరుసుకోకుండా ఆపే బుష్షులు అరిగాయి, నూనె ఎప్పుడో కారిపోయింది. గుంతలో పడ్డప్పుడల్లా ఇనుముకు ఇనుము తగిలి 'ఠకఠక్' మనేది. డబ్బాలో మందు సీసాలు పగిలేవి. పల్లెకు చేరేసరికి బాపు అరచేతులు తిమ్మిరెక్కి, సూది గొర్రెకు పడుతుందో దాన్ని పట్టుకున్న కాపరికి పడుతుందో తెలిసేది కాదు (ఒకసారి కాపరికే పడిందనీ, ఆ ఏడాదంతా అతనికి జలుబు కూడా రాలేదనీ బాపు చెప్పేవాడు. నేను నమ్మలేదు).

బాపుకు ఇంకో అలవాటుంది. పెట్రోలు మిగులుతుందని, ఊరికి ఇంకా దూరంలో ఉన్న గుట్ట మీదే ఇంజను ఆపేసి, దిగుడు పొడవునా బండిని జారనిచ్చి ఇంటి ముందుకొచ్చి ఆగేవాడు. కాబట్టి ఆయన వస్తున్నాడని చాటేది ఆ ఫోర్కు ఒక్కటే. రాళ్ళబాట మీద 'ఠక్... ఠకఠక్' వినబడగానే మా ఇంట్లో అందరికీ ఒక్కసారి పని పుట్టేది. బాపు తల్లి, మా అవ్వ, చుట్ట ఆర్పి కొంగు చాటున దాచేది. దగ్గు తగ్గాలంటే చుట్ట మానమని కొడుకు రోజూ పోరుతుండేవాడు మరి. నేను బాపు పడక కుర్చీలోంచి లేచి పుస్తకం తెరిచేవాణ్ణి. అమ్మ పెనం మీద జొన్నరొట్టె వేసి, చెంబుతో నీళ్ళు పట్టుకుని వాకిట్లో నిలబడేది. బాపు చెవులకు ఆ మోత ఏళ్ళ తరబడి అలవాటై, అది ఉన్నట్టే తెలియదు. అందుకని పాపం ఇంకోలా అర్థం చేసుకున్నాడు. "మా ఇంటామెకు ఎట్ల ఎరుకైతదో ఏమో, నేను ఏ యాళ్ళకొచ్చినా వాకిట్ల నిలవడి ఉంటది. మనసుల తెలుస్తది ఆమెకు" అని కనబడ్డ ప్రతి మనిషితోనూ గొప్పగా చెప్పుకునేవాడు. అమ్మ విననట్టు ఊరుకునేది.

నేను అప్పటికి డిగ్రీ పరీక్ష తప్పి, మళ్ళీ రాస్తానని చెప్పి, ఆలేరులో రైల్వే గేటు పక్కనున్న మోటారు మెకానిక్కు ఉస్తాద్ షెడ్డులో స్పానర్లు పట్టుకుని తిరుగుతున్నాను. నాకు ఆ పనంటే ప్రాణం. బాపుకేమో నన్ను ఫ్యాను కింద కుర్చీలో చూడాలని. ఒకరోజు తేల్చి చెప్పేశాడు.

"నా బండి ముందర కాళ్ళు మంచిగ జెయ్యి. ఒక్క సీస పలగొద్దు. మంచిగైతే నీకిష్టమున్న పని జేస్కో. కాకుంటే హైదరాబాద్ పోయి టైపు నేర్సుకో. మల్ల గీ ముచ్చట నాతోని మాట్లాడొద్దు."

నా భవిష్యత్తంతా ఆ రెండు గొట్టాల్లోకి వచ్చి కూర్చుంది. ఫోర్కు విప్పితే అడుగు నుంచి నల్లటి చిక్కటి పదార్థం కారింది. ఉస్తాద్ వేలితో ముట్టి చూసి, "అరె మియా, గిది నూనె గాదు, మీ తాత నాటి పులుసు" అన్నాడు. గొట్టాలు వంగాయేమోనని అద్దం పలక మీద దొర్లించి చూశాం. లేతు మిషను దగ్గర కూర్చుని కొత్త బుష్షులు చెక్కించాను. హైదరాబాద్ పాత సామాన్ల బజారులో ఇంకా పెద్ద బండి స్ప్రింగులు వెతికి తెచ్చి, కొలతకు కోయించి ఎక్కించాను. నూనె కారకుండా ఆపే సీళ్ళు మాత్రం మొదటిసారి తలకిందులుగా పెట్టాను. బిగించి ఒక్కసారి గట్టిగా నొక్కి చూద్దును కదా, లోపలి నూనెంతా ఎగజిమ్మి, శుక్రవారం జుమ్మా నమాజుకని ఉస్తాద్ తొడుక్కున్న తెల్ల కుర్తా మీద పడింది. ఆయన కుర్తా చూసుకుని, నన్ను చూసి, "పని జర సబర్‌తోని, నిమ్మళంగ నేర్సుకుందువు బేటా, ముందుగాల నాకు దొరకకుండ ఉరుకు" అన్నాడు. ఉరికాను. మళ్ళీ వచ్చి సరిగ్గా బిగించాను. ఈసారి నొక్కితే బండి ముందు భాగం మెల్లగా దిగి, మెల్లగా లేచింది. చప్పుడన్నది లేదు. ఆ క్షణంలో నాకు నేనే గొప్పవాడిగా అనిపించాను.

మర్నాడు బాపు డబ్బా నిండా సీసాలతో బయల్దేరాడు. సాయంత్రం నేను పడక కుర్చీలో కాలు మీద కాలేసుకుని ట్రాన్సిస్టరు వింటున్నాను. అవ్వ అరుగు మీద తీరిగ్గా పొగ వదులుతోంది. అమ్మ పక్కింటి టీవీ ముందుంది.

"ఏం బిడ్డా, సదువు మంచిగ నడుస్తాందా?"

నా చెవి పక్కనే బాపు గొంతు! నేను కుర్చీతో సహా పడ్డాను. అవ్వ కంగారులో వెలుగుతున్న చుట్టనే కొంగులోకి దోపి, ఆ పైన లబోదిబోమంది. కొంగు ఆర్పడమే సరిపోయింది మాకు. బాపు మాత్రం మా ఇద్దరినీ చూడటం లేదు. ఖాళీ వాకిలి వైపు చూస్తున్నాడు. "మీ అమ్మేది?" అని అడిగాడు. తర్వాత డబ్బా తెరిచి చూపించాడు. ఒక్క సీసా పగల్లేదు. "పని మంచిగ జేసినవ్" అన్నాడు, ఎవరినో పరామర్శిస్తున్న గొంతుతో.

ఆ తర్వాత ఇంట్లో ఏదీ సవ్యంగా లేదు. అమ్మ మాటిమాటికీ వాకిట్లోకి పరుగెత్తేది, ఈలోగా రొట్టె మాడేది. ఆమె లోపలికెళ్ళగానే బాపు వచ్చేవాడు. మాడిన రొట్టె నల్లటి అంచులు తుంచేసి తినేవాడు. మనసుల తెలుస్తది అన్న మాట మళ్ళీ ఎవరితోనూ అనలేదు. అవ్వయితే నన్ను చూస్తే చాలు, "బండి బాగుజేసి కొంప ముంచితివి గదరా!" అనేది. ఒకరోజు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"బిడ్డా, గా సప్పుడు మల్ల రాదా? అది ఇనవడితెనే మీ బాపు మంచిగ వస్తున్నడని నాకు పాణం నిమ్మళమయ్యేది. ఇప్పుడు పొద్దుగూకితే ఒకటే ఫికర్. మీ బాపుకు జెప్పకు, మనసు ఖరాబు జేస్కుంటడు."

నా ప్రాణం చివుక్కుమంది. కానీ ఫోర్కు మళ్ళీ మోగితే నేను టైపు మిషను ముందు కూర్చోవాల్సిందే. ఏం చేయాలో తోచక తిరుగుతుంటే, బాపు బండి తుడుస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"దీనికి ఏదన్న సప్పుడు పెట్టరాదురా?"

"ఫోర్కు ఖరాబైందనుకుంటరు బాపు."

"ఖరాబు జెయ్యమన్ననా? సప్పుడు పెట్టమన్న. మీ అమ్మకు జెప్పకు."

ఆ మధ్యాహ్నమే బండిని షెడ్డుకు తీసుకెళ్ళి, ముందరి మడ్‌గార్డు కింద ఒక రేకు ముక్కను వదులు బోల్టుతో బిగించాను. ఉస్తాద్ బీడీ తీసి, "సప్పుడు తియ్యనీకి వచ్చిన గిరాకిని సూసిన గని, పెట్టనీకి వచ్చినోణ్ణి నిన్నే సూస్తున్న" అన్నాడు.

మర్నాడు సాయంత్రం గుట్ట దిగుడు మీద 'ఠక్... ఠకఠక్' అంది. అవ్వ చుట్ట ఆర్పింది. నేను పుస్తకం తెరిచాను. బాపు వచ్చేసరికి అమ్మ చెంబుతో వాకిట్లో ఉంది. బాపు బండి దిగి, నీళ్ళందుకుని, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"ఎట్ల ఎరుకైందే నేనొస్తున్నట్టు?"

"ఏమో, గట్లనే మనసుల అనిపిచ్చింది" అంది అమ్మ, రొట్టె మాడుతోందన్నట్టు లోపలికి తిరుగుతూ.

బాపు తలవంచుకుని కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆయన భుజాలు కదలడం చూస్తే నవ్వుతున్నాడని తెలిసిపోయింది. పుస్తకం వెనక నేనూ నవ్వాను, కళ్ళు తడవడం మాత్రం ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. మర్నాడు పొద్దున బాపు బండి తీసి, "ఎక్కు, ఆలేరుల షెడ్డు కాడ దించుత" అన్నాడు. టైపు మాట మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

ఇప్పుడు షెడ్డు నాది, నెత్తిన జుట్టు లేదు, బాపూ అమ్మా లేరు. ఎవరైనా బండి తెచ్చి సప్పుడు తీసెయ్యమంటే, "ఇంట్ల అడిగొచ్చినవా?" అంటాను. ఈయనకేదో అయిందని వాళ్ళు నా ముఖం చూస్తారు. నా సొంత బండి మాత్రం పిల్లిలా వస్తుంది. అందుకని వీధి మలుపు దగ్గర, జలుబు లేకపోయినా ఒకసారి గట్టిగా దగ్గుతాను. ఇంటికి చేరేసరికి మా ఆవిడ తలుపు తీసి ఉంటుంది. "ఎట్ల ఎరుకైంది?" అని అడుగుతాను. "మనసుల అనిపిచ్చింది" అంటుంది. నేను నమ్ముతాను.