మా ఉపేందర్, వాడి ఆదివారం కాలేజీ

నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగితే, పక్షవాతంతో మంచం మీదున్న మా తమ్ముడికే ఏదో అయిందనుకున్నాను.

తమ్ముడికి కాదు. వాడి కొడుకు ఉపేందర్‌కి అన్నారు.

నమ్మలేదు. "ముందుగాల ఫోను వానికియ్యి, నేనే అడుగుత" అన్నాను.

అవతల ఏడుపు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఉపేందర్ నా మేనల్లుడు. కారేపల్లిలో ఇల్లు. బొగ్గు గనిలో కాంట్రాక్టు డ్రైవర్. నలభై కూడా రాలేదు.

నేను పినపాకలో ఉంటాను. వాడి గురించి నేను పడని భయం లేదు. షిఫ్టు దిగి నిద్రకళ్ళతో బైక్ నడుపుతాడని భయం. అడవి దారిలో లారీలు ఎదురొస్తాయని భయం. వానాకాలం వాగు పొంగుతుందని భయం.

ఫోన్ చేసి చేసి విసిగించేదాన్ని.

"అత్తా, ఇంటికొచ్చిన. అన్నం తిన్న. పాము గూడ కరవలే. ఇగ నువ్వు నిమ్మళంగ పండుకో" అనేవాడు.

గుండె గురించి మాత్రం ఒక్కనాడూ భయపడలేదు.

డ్యూటీ నుంచి వచ్చి, ఛాతీ పట్టేసింది, గ్యాస్ అయ్యుంటుంది అని సోడా తాగి పడుకున్నాడట. దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే...

నాకు పెద్ద చదువు లేదు. తప్పులుంటే ఏమనుకోకండి. కానీ వాడి చదువు గురించి మీకు చెప్పాలి.

వాడి భార్య మంజుల అంగన్‌వాడీ టీచర్. డిగ్రీ ఉంటే సూపర్‌వైజర్ పోస్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇల్లందులో పనులు చేసుకునేవాళ్ళ కోసం దూరవిద్య సెంటర్ ఉంది. ఇంట్లో చదువుకోవడం, ఆదివారం క్లాసులకు పోవడం. మంజుల మొదట ఒప్పుకోలేదు. "ఈ వయసుల బ్యాగేసుకొని కాలేజీకి పోతే మంది నవ్వుతరు" అంది.

"అయితే నేను గూడ వస్త. నన్ను జూసి నవ్వుతరు, నీ జోలికి రారు" అన్నాడు వాడు.

అలా ఇద్దరూ ఫీజు కట్టారు.

ఒకసారి నన్ను కూడా అక్కడికి తీసుకుపోయాడు. డ్యూటీ డ్రెస్సులోనే వచ్చిన నర్సు, బస్సు కండక్టరు, చెవుల వెనక బొగ్గు మసి ఇంకా పోని గని మనుషులు, అందరూ బెంచీల మీద. పాఠం సగంలో ఎవరైనా వస్తే సారు కోప్పడడు. "రా అమ్మా, కూర్చో" అని వాళ్ళ కోసం మళ్ళీ మొదలుపెడతాడు. ముందొచ్చినవాళ్ళు అదే పాఠం మళ్ళీ వింటారు.

"ఇదేం బడిరా, ఒక గంట లేదు, బెత్తం లేదు" అన్నాను.

"గంట కొడితే షిఫ్టు అయిపోయిందని అందరు లేసిపోతరు అత్తా!"

క్లాసంతా నవ్వింది. సారు కూడా.

కానీ ఇద్దరూ కలిసి క్లాసుకు పోవడానికి లేదు. మా మరదలు ఎప్పుడో పోయింది, తమ్ముడి దగ్గర ఎవరో ఒకరు ఉండాల్సిందే. అందుకని ఒక ఆదివారం వాడు, ఒక ఆదివారం ఆమె. పోయినవాళ్ళు విని వచ్చి, ఇంట్లో ఉన్నవాళ్ళకు చెప్పాలి.

సాయంత్రం వాడు తండ్రికి జావ తాగిస్తూ పాఠం చెప్పేవాడు. మంజుల కూరగాయలు తరుగుతూ వినేది.

"టమాటా పిరమైతే నువ్వు కూరల చింతపండు ఏస్తవు గదా? గదే డిమాండు తగ్గుడంటే."

"సారు గిట్లనే చెప్పిండా? నువ్వు బస్సుల కల్పించుకొచ్చినవా?"

"సారు ఇంగ్లీషుల చెప్పిండు. నేను నీ వంటింట్ల చెప్తున్న."

మా తమ్ముడు మూతి ఒక పక్కకే కదిలించి నవ్వేవాడు. పరీక్షలప్పుడు నేను వచ్చి తమ్ముడి దగ్గర ఉంటే, ఇద్దరూ ఒకే బస్సులో పోయి రాసి వచ్చేవాళ్ళు.

ఎల్లుండి డిగ్రీ ఆఖరి పేపర్. ఎకనామిక్స్.

ఇవాళ పొద్దున వాడిని సాగనంపాం.

మంజుల మూలకు కూర్చుంది. సెంటర్ సారు ఫోన్ చేశాడు. పాపం మంచిగానే చెప్పాడు. "తొందర లేదమ్మా, వచ్చే ఏడాది రాయొచ్చు. మన కాలేజీ ఎక్కడికీ పోదు." చుట్టాలు కూడా అదే అన్నారు. పెద్దకర్మ అయ్యేదాకా ఆమె గడప దాటొద్దు, ఊరు ఏమంటది అన్నారు. నేనూ తల ఊపాను. నాకు ఊరంటే భయం.

అందరూ లేచి వెళ్ళాక మంజుల నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దత్తమ్మా, ఈ పేపర్ల సగం పాఠాలు ఆయన చెప్పినయే. ఏడాది దాక నాకు యాదుండయి. గవ్వి యాదున్నప్పుడే రాస్త."



ఇంట్లో పెద్దదాన్ని నేనే. కాదంటే ఆమె ఊరుకుంటుంది, నాకు తెలుసు. తర్వాత ఆ పాఠాలు ఒక్కొక్కటే మరిచిపోతుంది. అది కూడా తెలుసు.

పొమ్మన్నాను.

అన్నప్పటి నుంచి మళ్ళీ భయాలు మొదలయ్యాయి. బస్సులో కళ్ళు తిరిగి పడిపోతుందేమో. పరీక్ష హాల్లో పెన్ను పట్టుకుని ఏడుస్తూ కూర్చుంటుందేమో. ఒక్క అక్షరం కూడా రాయలేకపోతుందేమో.

అందుకే ఈ పోస్టు పెడుతున్నాను. మీరంతా మా చుట్టాలే, మా ఊరివాళ్ళే. ఎల్లుండి పొద్దున ఇల్లందు బస్సులో మంజుల కనబడితే ఏమీ అనకండి. తమ్ముడి దగ్గర మంజుల వాళ్ళమ్మ ఉంటుంది. మంజుల పక్కన నేనుంటాను. ఎవరైనా ఏదైనా అనాలనుకుంటే నన్ను అనండి. పొమ్మన్నది నేనే.

పోయిరా ఉపేందరూ. నువ్వున్న చోట నీకు నిమ్మళం దొరకాలి బిడ్డా.