వేరు పొయ్యి

నా చిన్నప్పుడు, మా మేనత్త కూతురి పెళ్లికి వెళ్లాలా వద్దా అన్న మాట మా ఇంట్లో చాలా రోజులు నలిగింది. రజాకార్ల గడబిడ సద్దుమణిగి కొన్నేళ్లయిన కాలం అది. మేము జమ్మికుంట దగ్గరి పల్లెలో ఉండేవాళ్లం. నేను పుట్టకముందే మా అమ్మానాన్నలు, అంటే మా అవ్వ, బాపు, బాప్తిస్మం తీసుకున్నారు. హుస్నాబాద్ వైపు ఉండే మేనత్తది మాత్రం పాత నమ్మకమే. తల్లి పోయాక పసివాడైన బాపును సాకింది ఆ అక్కే.

అంతకుముందు అత్త కొడుకు పెళ్లిలో ఒక చేదు జరిగింది. ఆ ఇంట్లో పెళ్లికి ముందు పోచమ్మకు యాటను, అంటే మేకపోతును, కోసి, ఆ నైవేద్యం కలిపిన అన్నమే అందరికీ పెడతారు. అది తిననని బాపు విస్తరి ముందు నుంచి లేచాడు. మావాళ్లు బండి ఎక్కేదాకా అత్త వాళ్ల వైపు చూడలేదట. ఇప్పుడు తింటే, అలాంటిది ముట్టనని బాప్తిస్మంలో దేవునికి ఇచ్చిన మాట పోతుంది, తినకపోతే అక్క మనసు మళ్లీ విరుగుతుంది. వెళ్లకపోవడమే మేలని బాపు అనుకున్నాడు. అవ్వకు అది నచ్చలేదు. రోజూ సాయంత్రం ప్రార్థనలో అత్త పేరు ఎత్తేది. బాపు కళ్లు మూసుకుని వినేవాడు.

పెళ్లి దగ్గరపడ్డాక ఒక పొద్దున అత్తే బండి కట్టించుకుని వచ్చింది. దేవుని సంగతి ఎత్తలేదు.

"నువ్వు రాకుంటే పిల్లను పందిట్లకు ఎవరు తోల్కొస్తరు తమ్మీ? మేనమామవు నువ్వొక్కనివే. తిండి సంగతి నాకు ఇడిసిపెట్టు" అంది.

బాపు కాదనలేకపోయాడు. పెళ్లికి అందరం బండిలో బయల్దేరాం. దేనికైనా మంచిదని అవ్వ అటుకుల మూట వెంట తెచ్చుకుంది.

పెళ్లింటికి చేరగానే అత్త మమ్మల్ని వెనక పశువుల కొట్టం పక్కకు తీసుకెళ్లింది. అక్కడ మూడు రాళ్ల పొయ్యి, కుమ్మరి ఇంటి నుంచి అప్పుడే తెచ్చిన కుండలు ఉన్నాయి. యాటను తేకముందే అన్నం, పప్పు, వంకాయ కూర తానే వండి, ఆకులు కప్పిపెట్టింది. ఇందులో అమ్మవారికి చూపింది ఏదీ లేదని, ఎవరినీ ముట్టనియ్యలేదని అవ్వకు మెల్లగా చెప్పింది.

ఇంతలో మామ వాళ్ల అన్న, అత్తకు పెద్దబావ, అటు వచ్చాడు. శుభకార్యంలో వేరు పొయ్యి పెట్టడమంటే ఇల్లు రెండు కావాలని కోరుకోవడమేనని కోపపడ్డాడు. మతం మారినవాడికి ఇంత మర్యాద ఎందుకన్నాడు. బాపు లేవబోయాడు. అత్త ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"వాడు నా చేతులల్ల పెరిగిండు బావా. ఇచ్చిన మాట మీద నిలబడుమని నేర్పిందే నేను. గిప్పుడు నా బువ్వ కోసం వాడు మాట తప్పితే, నా పెంపకం ఏమైనట్టు?"

పెద్దాయన పందిరి వైపు వెళ్లిపోయాడు. అత్త విస్తర్లు పరిచి వడ్డించింది. బాపు అన్నంలో చెయ్యి పెట్టబోతే ఆపింది.

"మీ దేవునికి చెప్పుకో తమ్మీ. నేను ఆగుత."

బాపు ప్రార్థన మొదలుపెట్టి, సగంలోనే ఆపి కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. మిగతాది అవ్వ పూర్తిచేసింది. అంతసేపూ అత్త తలమీదికి కొంగు లాక్కుని, తల వంచుకునే ఉంది. ఆ తర్వాత బాపు మారు అడిగి మరీ తిన్నాడు. సాయంత్రం మేనకోడలిని పందిట్లోకి తెస్తూ పిల్ల తండ్రి కంటే ఎక్కువ మురిసిపోయాడు. తన విశ్వాసానికి ఇన్నాళ్లూ తానొక్కడే కావలి ఉన్నాననుకున్నానని తిరుగుదారిలో అవ్వతో అన్నాడు.

బాపు విశ్వాసంలోనే నేను పెరిగాను, నా పిల్లల్నీ పెంచాను. మా చిన్నకొడుకు వేరే నమ్మకం ఉన్న ఇంటి పిల్లను చేసుకున్నప్పుడు, చర్చిలో కొందరు మాతో మాట తగ్గించారు. ఆ పిల్ల తల్లి మా ఇంటికి వస్తే శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. ఆ రోజు గిన్నెలు మళ్లీ తోమి, ఉల్లిగడ్డ తగలకుండా నేనే వండుతాను. ఆమె దీపం పెట్టుకుని వచ్చేదాకా నేనూ తినకుండా కూర్చుంటాను. అలా కూర్చున్నంతసేపూ నా ప్రభువు నా పక్కనే ఉన్నాడనిపిస్తుంది.