నాయిన వెతికిన అంబాసిడర్

శామీర్‌పేట దగ్గర పాత బండ్ల ప్రదర్శన పెడుతున్నారని పేపర్లో చూసింది నాయినే. "మన అంబాసిడర్ గూడ వస్తది బిడ్డా, పోదాం" అన్నాడు. ఆ కారు ఇక ఎక్కడికీ రాదని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

నాయిన ముప్పై ఏళ్లు దాన్ని కిరాయికి నడిపాడు. కీసర నుంచి మేడ్చల్ దాకా ఎంతమంది పెళ్లికూతుళ్లను చర్చి మెట్ల దగ్గర దింపాడో. కొన్న రోజున పాస్టరుగారు బండి మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారట. ఆ సాయంత్రమే నాయిన స్టీరింగు కింద, ఎవరికీ కనబడని చోట, మేకుతో చిన్న సిలువ గీసుకున్నాడు. దాన్ని వేలితో తడమనిదే తాళం తిప్పేవాడు కాదు.

ఆయన పక్షవాతంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, నాగారం ఇంటి ముందు తుప్పుపడుతున్న ఆ కారును నేను పాత ఇనుముకు ఇచ్చేశాను. మందులకని కాదు. నా స్కూటీకి అడ్డంగా ఉందని. నా తప్పుకు కనీసం పెద్ద కారణమైనా లేదు. నాయిన ఇంటికొచ్చి బండేదని అడిగితే, పాత బండ్లు దాచుకునే సారొకాయన కొనుక్కుపోయాడని చెప్పాను.

ఒక అబద్ధానికి వంద తోడు కావాలంటారు. నాకు రెండోది ఆడే పనే పడలేదు. ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ నాయిన కర్ర పట్టుకుని లేచాడు.

"నేను పడ్డ. నా బండిని మాత్రం దేవుడు పడనియ్యలే. మంచోళ్ల చేతులల్ల పెట్టిండు."

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. ఆ తర్వాత నిజం చెప్పడానికి ఎప్పుడూ నోరు రాలేదు.

ప్రదర్శనలో ఎడ్లబండి నుంచి డబుల్ డెక్కర్ బస్సు దాకా వరసగా నిలబెట్టారు. నాయిన దేన్నీ చూడలేదు. అంబాసిడర్లు ఐదున్నాయి. ఒక్కోదాని దగ్గర ఆగి, బాగున్న చెయ్యి కిటికీలోంచి పెట్టి స్టీరింగు కింద తడిమాడు.

"పెద్దాయనా, ముట్టుకోవద్దని బోర్డు పెట్టినం గద!" అని నిర్వాహకుడొకాయన కసిరాడు. నాయిన సంగతంతా చెప్పాక మెత్తబడి, అలాంటి గుర్తున్న బండి వస్తే ఫోన్ చేస్తానన్నాడు. నాయిన నా నంబరు రాయించాడు.

తిరిగొస్తుంటే ఆటోలో, "గా సారుకు పానం బాగలేదేమో, బండి బయటికి తియ్యలే" అంటూ కళ్లు మూసుకుని ఆ లేని మనిషి ఆరోగ్యం కోసం ప్రార్థన చేశాడు. నేను ఆమెన్ అన్నాను. అప్పటి నుంచి రోజూ ఆయన ప్రార్థనలో ఆ సారు కూడా ఉండేవాడు.

చలికాలంలో నాయిన పోయాడు.

మొన్న ఫోన్ వచ్చింది. "అమ్మా, మీ నాయిన జెప్పిన గుర్తు నాకు యాదికున్నది. ఈసారి వచ్చిన ఒక అంబాసిడర్‌కు స్టీరింగ్ కింద ఏదో గీత ఉన్నది. పెద్దాయనను తోల్కొని రాండ్రి."

"అది మాది గాదు సార్."

"చూడకుంటనే ఎట్ల జెప్తరమ్మా?"

"మా కారును నేనే పాత సామాన్లోళ్లకు ఇచ్చిన. ఎప్పుడో తుక్కు జేసిండ్రు."

నాయిన ముందు నోట రాని మాట, ముఖం కూడా సరిగ్గా గుర్తులేని మనిషికి ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"పెద్దాయనకు ఎరికేనా అమ్మా?" అన్నాడాయన.

నాయిన పోయాడని చెప్పాను. ఆయన అడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు.