పదకొండేళ్ల వైపర్లు

స్టోర్స్ ముందు ఆగిన లారీలోంచి ముప్పై రెండు అట్టపెట్టెలు దిగాయి. అన్నిటిలోనూ వైపర్లే. స్టోర్‌కీపరు కాగితం రెండుసార్లు చదువుకుని, మూడోసారి చదవమని మేస్త్రి చేతికిచ్చాడు.

“మూడు వందల ఎనభై జతలు. మనకున్న బస్సులెన్ని మేస్త్రీ?”

“నూట పన్నెండు.”

“ఏడాదిలో వాన పడేది ఎన్నాళ్లు?”

“నన్నడుగుతావేంటి? ఆర్డరు పెట్టినవాణ్ణి అడుగు.”

“వాడు కాదు, అది. ఏఐ. పాత రికార్డులన్నీ చదివిందట. మన డిపోలో అన్నిటికంటే ఎక్కువగా పాడయ్యేది వైపరేనని తేల్చిందట.”

షెడ్డులో నవ్వులు మొదలయ్యాయి. పిట్ లోపల బస్సు కింద నిలబడ్డవాడెవడో తల పైకెత్తి, “సీటుకొకటి బిగించేద్దాం, ప్యాసింజర్లు విసురుకుంటారు” అన్నాడు.

రికార్డు గది కిటికీలోంచి ఆమెకు అంతా వినబడింది. ఆమె నవ్వలేదు. ఆ వైపర్లు ఎక్కడినుంచి వచ్చాయో ఆమెకు తెలుసు.

డిపోలో ఆమెను అందరూ కార్డమ్మ అంటారు. మరమ్మతుకు వచ్చిన ప్రతి బస్సుకూ ఒక జాబ్ కార్డు ఉంటుంది. ఏం పాడయిందో అందులో చేర్చి, బాగయ్యాక కార్డు మూసేస్తేనే గేటు దగ్గర బస్సును వదులుతారు. తెరవడం, మూయడం ఆమె పని. మొదట్లో లావుపాటి పుస్తకాల్లో చేసేది, తర్వాత కంప్యూటర్లో. వయసు యాభై ఆరు దాటింది. రిటైర్మెంటుకు ఇరవై నెలలుంది.

పదకొండేళ్ల కిందట వచ్చిన ప్రోగ్రాంలో, పాడయిన భాగానికి ఒక కోడు ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే కార్డు మూతపడదు. మూడు వందల నలభై కోడ్లు. జాబితా రాసినవాడెవరో బస్సుకు ఎదురుగా నిలబడి, అద్దం నుంచి మొదలుపెట్టి వెనక్కి చూస్తూ రాసుకుపోయినట్టున్నాడు. మొదటి పేరు వైపర్. స్టీరింగ్ సామాన్లు ఎక్కడో రెండు వందలు దాటాక. అక్కడిదాకా దిగేలోపు తెర నిలిచిపోయేది, మళ్లీ పాస్‌వర్డ్ అడిగేది. మొదటి వారమంతా ఆమె ఓపిగ్గా వెతికింది. తెల్లవారుజామున గేటు దగ్గర అరవై బస్సులు వరుసకట్టి హారన్లు కొడుతుంటే, అప్పటి మేనేజరు గదిలోకి వచ్చి, “ఏదో ఒకటి నొక్కవమ్మా, జనం స్టాపుల్లో నిలబడి నన్ను తిడుతున్నారు” అన్నాడు. ఆమె మొదటిది నొక్కింది. కార్డు మూతపడింది. బస్సు వెళ్లింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత పదింట తొమ్మిది కార్డులు అలాగే మూతపడ్డాయి.

అయితే అలా వదిలేయడానికి ఆమెకు మనసొప్పలేదు. కార్డు చివర రిమార్కులని చిన్న గడి ఉంది. నలభై అక్షరాలు పడతాయి. అసలు సంగతి అక్కడ రాసేది. చోటు చాలక తనకంటూ ఒక పొదుపు భాష అలవాటు చేసుకుంది. ‘స్టీ ఎ 3’ అంటే స్టీరింగ్ ఎడమకు లాగుతోంది, చెప్పడం ఇది మూడోసారి. ఫిర్యాదు చేసిన డ్రైవరు ఎలాంటివాడో కూడా ఒక్క అక్షరంలో చేర్చేది. ‘గొ’ అంటే గొణిగేవాడు, సీటు మీద దుమ్మున్నా బ్రేకు పనిచేయడం లేదంటాడు. ‘మౌ’ అంటే మౌని, నోరు విప్పడు. విప్పాడంటే బస్సును వెంటనే చూడాలి. మేస్త్రి రోజూ పొద్దున ఆమె పక్కన నిలబడి ఆ గడే చూసి పనులు పంచుకునేవాడు. కోడు వైపు ఎవరూ చూసేవారు కాదు.

వైపర్లు దిగిన వారానికి, ఆ ఏఐని తయారుచేసిన కంపెనీ నుంచి సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. కళ్ల కింద నల్లటి చారలు, మూత సరిగ్గా నిలబడని లాప్‌టాప్. అయిదు వారాల్లో పందొమ్మిది డిపోలు తిరుగుతోందట. ఆర్కిటెక్టు అనేసరికి మేస్త్రి, “షెడ్డు కప్పు కారుతోందమ్మా, ముందు అది చూడు” అన్నాడు. ఇలాంటివి ఆమె అన్ని డిపోల్లోనూ విని ఉంటుంది. నవ్వి ఊరుకుంది.

రికార్డు గదిలో కూర్చుని, పాడైన కాగితం ఒకటి తిరగేసి, దాని మీద గళ్లు గీసింది.

“ఇవి మీ కార్డులమ్మా. వీటిలోంచి బస్సు నంబరు, తేదీ, కోడు, తిరిగిన కిలోమీటర్లు ఇటు వస్తాయి. వాటిని చూసి ఏ బస్సును ఎప్పుడు పిట్ మీదికి ఎక్కించాలో మా ఏఐ మోడల్ చెబుతుంది. మేస్త్రిగారు తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.”

“రిమార్కులు ఇందులో ఎక్కడ వస్తాయి?”

“అవి వదిలేశాం. ఒక్కో డిపోలో ఒక్కోలా ఉన్నాయి. చాలా చోట్ల ఖాళీ. కొందరు ఊరికే చుక్కలు పెట్టారు. మీవైతే ఏదో రహస్య భాషలా ఉన్నాయి.” కాగితం మీద ఇంకో గీత గీసింది. “మీకో మంచి వార్త. స్టీరింగ్ ఫిర్యాదులు చాలా తక్కువగా ఉన్నాయి. అందుకని పది రోజులకోసారి చేసే తనిఖీ ఇక నలభై అయిదు రోజులకోసారి చాలు. మీ దగ్గర ఈ రోజు నుంచే ప్రయత్నించి చూస్తున్నాం, అందుకే నేను మధ్యమధ్యలో వచ్చి వెళ్తుంటాను. ఒకటో తారీఖు నుంచి అన్ని డిపోల్లోనూ.”

“స్టీరింగ్ తక్కువా?”

“మొదట మేమూ అనుమానపడ్డాం. కానీ పందొమ్మిది డిపోలూ ఒకే మాట చెబుతున్నాయి. అన్ని చోట్లా వైపరే. డేటా ఇంత కుదురుగా ఉండటం ఎక్కడా చూడలేదు. వైపర్ల కంపెనీని కూడా మార్చేశారు, నాణ్యత లేదని.”

కార్డమ్మ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. పందొమ్మిది గదుల్లో పందొమ్మిది మంది అదే మొదటి వరుస నొక్కుతూ వచ్చారని ఆమెకు అప్పుడే అర్థమైంది. చెప్పాలనుకుంది. “టీ తాగుతారా?” అని అడిగింది.

నాలుగు రోజులకు, పొద్దున మొదటి ట్రిప్పు ముగించుకుని వచ్చిన డ్రైవరు మౌని, బస్సు దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

“ఎడమకి లాగుతోంది” అన్నాడు. అంతే అన్నాడు.

ఆమె కొత్త తెర మీద బస్సు నంబరు కొట్టింది. తనిఖీకి ఇంకా ముప్పై ఒక్క రోజులుంది, పిట్ కేటాయించలేదు అని వచ్చింది. మేస్త్రి ఆమె భుజం మీదుగా వంగి చదివాడు.

“మౌని చెప్పాడా?”

“ఆ.”

“అయితే దీనితో నాకేం పని” అని, పిట్ మీద ఉన్న బస్సును వెనక్కి తీయించి, దీన్ని ఎక్కించాడు. పది నిమిషాల్లో అరుపు వినబడింది. స్టీరింగ్ కడ్డీ చివర కీలు అరిగిపోయి చేత్తో కదిపితేనే ఊగుతోంది. మేస్త్రి దాన్ని ఊడదీసి, గుడ్డలో చుట్టి తెచ్చి, కార్డమ్మ బల్ల మీద పెట్టాడు.

“ఇంకో రెండు రోజులు తిరిగి ఉంటే ఏ గోడకో ఆనేది” అన్నాడు. “ఇంక నువ్వే చెప్పు కార్డమ్మా.”

సాయంత్రానికి మేస్త్రికి మెమో వచ్చింది. కేటాయింపు లేకుండా పిట్ వాడినందుకు.

ఆమె మేనేజరు గదికి వెళ్లింది. వచ్చి రెండేళ్లయినవాడు, చెడ్డవాడేం కాదు. అంతా విని తలుపు దగ్గరగా వేశాడు.

“అమ్మా, మీకు తెలుసు, నాకు తెలుసు, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ తెలుసు. కాగితం మీద ఎవరికీ తెలియదు. అరవై వేల కార్డులున్నాయి మీ లాగిన్‌తో. అవి తప్పని మీరే రాసిస్తే విచారణ వేయక ఏం చేస్తారు?”

“అప్పట్లో నొక్కమన్నది మేనేజరే.”

“ఆయన నోటితో అన్నాడు. మీరు వేలితో నొక్కారు. నోటి మాటకు సాక్ష్యం ఉండదమ్మా.” కుర్చీ ముందుకు లాక్కుని, “విచారణ తేలేదాకా మీ రిటైర్మెంట్ కాగితాలు కదలవు. అది ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేరు. ఇరవై నెలలు కళ్లు మూసుకోండి” అన్నాడు.

“కళ్లు మూసుకుని కూర్చోవచ్చు సార్. బస్సు నడిపేవాడు మూసుకోలేడు కదా.”

మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. “మీ ఇష్టం. మిమ్మల్ని ఆపానని మాత్రం ఎక్కడా చెప్పకండి. ఆపలేదని కూడా చెప్పకండి.”

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, ఆడపడుచు. భర్త పోయి తొమ్మిదేళ్లు. ఆడపడుచు పెళ్లి చేసుకోలేదు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. రెండు గదులు, ఒకే బల్ల, దాని మీద ఎప్పుడూ ఎవరో ఒకరి కళ్లజోడు. మర్నాడు పొద్దున ఆడపడుచు డబ్బా సర్దుకుంటూ ఆమె మొహం చూసింది.

“ఏంటి వదినా, మా అన్నయ్య పోయినప్పుడు కూడా ఇంత వేలాడలేదు నీ మొహం.”

ఆమె చెప్పింది. ఆడపడుచు చెంచా పట్టుకుని నిలబడే వింది.

“అంటే పదకొండేళ్లు అబద్ధం రాశావ్.”

“నిజం పక్కన రాశాను.”

“పక్కన రాస్తే ఎవరు చదువుతారు?”

“మేస్త్రి చదివేవాడు.”

“మనిషి చదువుతాడు. అది చదవదు కదా. దానికి మనం పెట్టిందే తిండి.” డబ్బా మూత బిగించింది. “నేను రోజూ ఎక్కేది మీ డిపో బస్సే.”

“తెలుసు. అందుకే…”

“అందుకే అనకు. రాస్తే రాయి, మానేస్తే మానెయ్. నా కోసం రాశానని మాత్రం అనకు. రేపు విచారణ జరుగుతుంటే దినదినం నన్ను సాధిస్తావు, నాకు తెలీదా నీ సంగతి.” చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగింది. “ఆ నీలం పెన్నుతో రాయకు. కక్కుతుంది.”

ఆ రోజు మధ్యాహ్నం రికార్డు గదిలో కూర్చుని రాసింది. ఒక పేజీ కూడా నిండలేదు. నా లాగిన్‌తో ఉన్న కార్డుల్లో వైపర్ అని ఉన్నవి చాలావరకు వైపర్లు కావు. తెర కదలక, బస్సులు ఆగిపోతాయని, జాబితాలో మొదటిది నొక్కాను. అసలు కారణం రిమార్కుల్లో ఉంది. వాటిని నేను చదివి చెప్పగలను. అవి చదవకుండా స్టీరింగ్ తనిఖీ గడువు పెంచవద్దు. కింద సంతకం, తేదీ. ఒకటి మేనేజరుకిచ్చి, ఇంకొకటి ఆర్కిటెక్టు చేతిలో పెట్టింది.

ఆర్కిటెక్టు దాన్ని రెండుసార్లు చదివింది.

“అన్నీ వైపర్లేనా?”

“దాదాపు.”

లాప్‌టాప్ తెరిచి, పాత రిమార్కు ఒకటి చూపించింది. “ఇది చదవండి.”

“బ్రే బ 2 గొ. బ్రేకు బరువుగా ఉంది, రెండోసారి, చెప్పినవాడు గొణిగేవాడు. మరీ పట్టించుకోనక్కర్లేదు, కానీ రెండోసారి కదా, చూడాలి.”

“చెప్పినవాణ్ణి బట్టి మాటకు విలువ కడతారా?”

“కట్టకపోతే ఎలా? అందరి మాటా ఒకటేనా?”

“ఇది ఏ గడిలో పెట్టాలో మాకు తట్టనే లేదు” అంది ఆర్కిటెక్టు. కుర్చీలో వెనక్కి వాలింది. “గళ్లు గీయడానికి నాకు అయిదు నెలలిచ్చారమ్మా. లోపల ఏముందో చూడటానికి డిపోకి రెండు రోజులు.”

మూడో రోజు సాయంత్రం రెండు జవాబులు వచ్చాయి. కార్డమ్మకు మెమో, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని. ఆర్కిటెక్టుకు ఆమె పైవాడి దగ్గర్నుంచి, ఆ ఒక్క డిపోలో పది రోజుల తనిఖీ కొనసాగించమని, మిగతా పద్దెనిమిదింటిలో ఒకటో తారీఖు మార్పు యథాతథమని.

“ఒక డిపో ఉత్తరం ఒక డిపో తప్పేనట” అంది ఆర్కిటెక్టు. “ఇంకో నాలుగైదు చోట్ల నుంచి వస్తే ఆపించగలను. నేను అడిగితే చెప్పరు. మోడల్ చాలా బాగుంది మేడం అంటారు.”

“నేనడిగితే?”

“మీకు వాళ్లు తెలుసు కదా.”

తెలుసనడానికి ఎవరినీ చూడలేదు. ఒక డిపో బస్సు ఇంకో డిపోకి మారినప్పుడు ఫోన్లో మాట్లాడుకోవడమే. ఒకరి ముక్కు గొంతు, ఒకరి దగ్గు, ఒకరి వెనక ఎప్పుడూ మోగే రేడియో. పద్దెనిమిది నంబర్లు గోడ మీద ఉన్నాయి. మర్నాడు బస్సులన్నీ వెళ్లిపోయాక, ఫోను దగ్గరకు లాక్కుంది.

ముక్కు గొంతావిడ, “మా దగ్గర నిజంగానే వైపర్లు పాడవుతాయి” అంది. “మాకు ఈగలెక్కువ.”

దగ్గాయన విని, దగ్గి, “నేనేమీ వినలేదక్కా, నువ్వేమీ అడగలేదు” అని పెట్టేశాడు.

మూడో ఆయన పడీ పడీ నవ్వాడు. “నేనొక్కణ్ణే అనుకున్నాను! పదకొండేళ్లుగా భయపడుతూ బతికాను తల్లీ.” ఉత్తరం సంగతి ఎత్తగానే ఆయన నవ్వు ఆగింది. ఆలోచిస్తానన్నాడు. ఆ ఆలోచన ఎంతదూరం వెళ్తుందో ఆమెకు తెలుసు. తన బల్ల మీద మెమో ఉందని దాచకుండా చెప్పడం వల్లే వాళ్లు జారుకుంటున్నారని కూడా తెలుసు. చెప్పకుండా అడగడం ఆమెకు చేతకాలేదు.

నాలుగు, అయిదు ఎత్తలేదు. నీళ్లు తాగి ఆరో నంబరు కొట్టింది. రేడియో వినబడింది. ఆమె చెప్పేది మొదలుపెట్టాక రేడియో ఆగింది. మెమో దాకా అంతా చెప్పింది.

“ఉన్నారా?”

“ఉన్నాను. ఉత్తరంలో తప్పు చేశానని రాశావా, పొరపాటు జరిగిందని రాశావా?”

“నొక్కాను అని రాశాను.”

“అంతేనా?”

“అంతే.”

సొరుగు లాగిన చప్పుడు, కాగితం చించిన చప్పుడు వినబడ్డాయి.

“సరే, చెప్పు. నెమ్మదిగా చెప్పు, నాది గొలుసుకట్టు రాత కాదు.”