కలిపిన మట్టి గడప దాటదు

2023 ఎండాకాలం. ముందటి ఏడాది వానల్లో గోదావరి భద్రాచలం వీధుల్లోకి వచ్చి వెళ్ళిన బురద గుర్తులు ఇంకా గోడల మీద ఉన్నాయి. నేను అప్పటికి హైదరాబాద్‌లోని ఒక లేబొరేటరీలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తున్నాను. ఏం పని అంటే మా చుట్టాలకు ఇప్పటికీ అర్థమయ్యేట్టు చెప్పలేకపోయాను. మట్టి పరీక్షలు అంటే పొలానికి ఏ ఎరువు వెయ్యాలో చెప్పమంటారు. రాళ్ళ పరీక్షలు అంటే వేలి ఉంగరం తీసి చేతిలో పెడతారు. నిజానికి నా పని పాత వస్తువులకు పుట్టిల్లు వెతకడం. తవ్వకాల్లో దొరికిన కుండ పెంకు ఏ ఊరి మట్టిదో, రాతి గొడ్డలి ఏ గుట్టదో రసాయన పరీక్షతో తేల్చడం.

ఇది గారడీ కాదు. పులుసులో చింతపండు, ఉప్పు, కారం అందరూ వేస్తారు గానీ పాళ్ళు ఇంటింటికీ వేరు. మట్టి కూడా అంతే. ఇనుము, టైటానియం, పొటాషియం అన్ని మట్టుల్లోనూ ఉంటాయి, పాళ్ళు మాత్రం చోటును బట్టి మారతాయి. ఆ పాళ్ళు చెప్పే మిషన్ పేరు ఎక్స్‌ఆర్‌ఎఫ్. పెంకును పొడి చేసి, బిళ్ళగా ఒత్తి లోపల పెడితే దాని మీద ఎక్స్‌రేలు పడతాయి. ఒక్కో మూలకం తనదైన కిరణాన్ని తిరిగి పంపుతుంది. వాటిని లెక్కగట్టి ఏది ఎంతుందో మిషన్ చెప్తుంది.

నేను పుట్టింది ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం వైపు. ఆ జిల్లా పెంకు ఏదొచ్చినా నాకు కాస్త పక్షపాతం. అందుకే సుధాకర్ ఫోన్ చేసినప్పుడు ఎప్పటిలా కసురుకోలేదు. సుధాకర్ పురావస్తు శాఖలో పనిచేసే కుర్రవాడు. ఏ మాటైనా "అర్జెంట్ మేడం" అనే మొదలుపెడతాడు. ఆ రోజు మాత్రం నిజంగానే అర్జెంటు.

ఏన్కూరు దాటి భద్రాచలం వైపు అడవి మొదలయ్యేచోట ఒక ఊరుంది. ఊరి చెరువు వెనక మెరకలో రాకాసి గుళ్ళు ఉన్నాయి. నిలువు బండల మీద పెద్ద బండ కప్పి కట్టిన సమాధులవి, రెండువేల ఏళ్ళ పైమాటే. మనుషులు ఎత్తగలిగిన బండలు కావు కాబట్టి రాకాసులు కట్టారని ఊళ్ళో అనుకుంటారు. వాటి చుట్టూ దున్నినప్పుడల్లా నలుపూ ఎరుపూ కలిసిన కుండ పెంకులు బయటపడతాయి. చెరువు మూలన ఒక మట్టి గుంట ఉంది. ఊళ్ళో మిగిలిన ఒక్క కుమ్మరి కుటుంబం అక్కడే మట్టి తీసుకుంటుంది. ఇప్పుడు ఇటుక బట్టీవాళ్ళు ఆ మూల మొత్తం తమకిమ్మని పంచాయతీని అడుగుతున్నారు. జేసీబీ దిగితే ఒక్క ఎండాకాలంలో గుంట ఖాళీ.

"కుమ్మరోళ్ళు మొన్నమొన్న గోదావరి ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళకిక్కడ పాత హక్కేమీ లేదని ఊళ్ళో కొందరు వాదిస్తున్నారు మేడం," అన్నాడు సుధాకర్. "ఆ పెంకులు ఈ గుంట మట్టితో చేసినవని మీరు తేలిస్తే, గుంటనూ గుళ్ళనూ కలిపి కాపాడమని మేం రాయగలం. లేకపోతే గ్రామసభలో నేను మాట్లాడటానికి ఏమీ ఉండదు."

మరుసటి వారమే ఇద్దరం వెళ్ళాం. ఆ కుమ్మరి ఇంటి పెద్ద నర్సమ్మ. అరవై దాటిన మనిషి, మాట కరుకు. కొడుకు సారె తిప్పుతాడు. కోడలు రేణుక మట్టి తొక్కుతుంది. మేం వెళ్ళేసరికి రేణుక మోకాళ్ళ దాకా మట్టిలో ఉంది.

"మీ మిషన్ మా గురించి ఏం చెప్తది మేడం?" అని అడిగింది రేణుక.

"మీ గురించి కాదు, మట్టి గురించి."

"రెండూ ఒకటే గదా. ఈ మట్టి పోతే నేను గా బట్టీల్నే ఇటుకలు మొయ్యాలె. ఇదే మట్టి, కూలి మాత్రం వాళ్ళది."

పనిలోకి దిగడమే మంచిదని, తొక్కి సిద్ధం చేసిన మట్టి ముద్ద ఒకటి ఇమ్మన్నాను. నర్సమ్మ అడ్డంగా తలూపింది.

"గది ఇయ్యం బిడ్డా. కలిపిన మట్టి కాలకుండ గడప దాటొద్దు. మా అత్త కాలం నుంచి మా ఇంట్ల గదే కట్టు."

"చిన్న ముద్దే పెద్దమ్మా. చెడగొట్టను."

"చిన్నదైతేంది, పెద్దదైతేంది. పచ్చి బాలింతను బయటికి పంపుతమా? గుంట కాడికి పా, కావలసినంత తవ్విస్త."

ఆమెతో వాదించి గెలిచేటట్టు కనిపించలేదు. గుంటలో మట్టి తీసి, గుళ్ళ దగ్గర పెంకులు ఏరి సంచుల్లో కట్టుకున్నాం. ఎండలో ఆ మట్టి సన్నగా మెరిసింది, అభ్రకం పొలుసులు. ఆ చుట్టుపక్కల వాగులవీ చెరువులవీ మట్టి కూడా తీశాం. సుధాకర్ భద్రాచలం దాకా వెళ్ళి గోదావరి ఒడ్డు ఒండ్రు తెచ్చాడు. ఎవరి వాదన నిజమో తేలాలంటే రెండు వైపులవీ పక్కపక్కన పెట్టి చూడాలి కదా.

ఫలితాలు వచ్చిన రోజు సుధాకర్ లేబొరేటరీకి వచ్చి నా వెనకే నిలబడ్డాడు. తెర మీద ఒక్కో నమూనా ఒక్కో చుక్క. గుంట మట్టి చుక్కలన్నీ ఒక మూల గుంపుగా ఉన్నాయి. పెంకుల చుక్కలు వాటికి దూరంగా, గోదావరి ఒండ్రు వైపు ఉన్నాయి. ఇనుము ఎక్కువ, టైటానియం ఎక్కువ. గోదావరి పైన ఎక్కడో నల్లరాతి నేలల మీదుగా వస్తుంది, ఆ రాతి గుణం దాని ఒండ్రులో కనిపిస్తుంది. ఖమ్మం అడవి మట్టిలో అది ఉండదు.

"అంటే కుండలు గోదావరి ఒడ్డున చేసి ఇక్కడికి తెచ్చారన్నమాట," అన్నాడు సుధాకర్.

"మిషన్ అట్లాగే అంటోంది."

"ఇది చూపిస్తే ఆ ఇంటికి నేనే గుంట తవ్విపెట్టినట్టు మేడం."

బాధేసింది, దాచడమెందుకు. రేణుక మాట చెవిలో తిరుగుతూనే ఉంది. కానీ బాధగా ఉందని అంకె మార్చలేం. మార్చిననాడు ఈ ఉద్యోగం మానేసి జాతకాలు చెప్పుకోవచ్చు. ఇంటికి వెళ్ళబోతూ మిగిలిన పెంకుల డబ్బా మూసేటప్పుడు దీపం కింద ఒక పెంకు అంచు మెరిసింది. గుంట మట్టి మెరిసినట్టే, అదే సన్నటి అభ్రకం. గోదావరి ఒండ్రులో నాకు అంత మెరుపు కనిపించలేదు. చుక్కలు ఒక మాట చెప్తున్నాయి, కన్ను ఇంకో మాట చెప్తోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. రిపోర్టు మీద సంతకం చెయ్యకుండా పక్కన పెట్టేశాను.

ఎక్స్‌ఆర్‌ఎఫ్‌తో ఒక చిక్కుంది. పెంకును పొడి చేస్తాం కాబట్టి అందులో ఉన్నదంతా ఒకటిగా కలిసిపోతుంది. వండిన పప్పును రుబ్బి, ఇందులో మామిడికాయ ఏ చెట్టుదని అడిగినట్టు. రుబ్బకుండా చూడాలంటే థిన్ సెక్షన్ తియ్యాలి. పెంకు నుంచి ఒక పలక కోసి, గాజు మీద అతికించి, వెంట్రుక కంటే పలచబడే దాకా అరగదియ్యాలి. అప్పుడు వెలుతురు దాని గుండా పోతుంది. మైక్రోస్కోప్ కింద లోపలి రేణువులు విడివిడిగా రంగుల్లో కనిపిస్తాయి. ఓపిక ఉండాల్సిన పని. నాకు లేనిదే అది, అయినా నేనే కూర్చుని అరగదీశాను.

మైక్రోస్కోప్‌లో చూడగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. మెత్తటి మట్టి నిండా అభ్రకం పొలుసులు. ఆ మట్టి మధ్య అక్కడక్కడా గుండ్రటి ఇసుక రేణువులు, ఆకుపచ్చ గోధుమ రంగు కలిసినవి. అది పైరాక్సీన్, నల్లరాతిలో ఉండే ఖనిజం. దూరం నుంచి నీళ్ళల్లో దొర్లి వస్తేనే అంచులు అట్లా అరుగుతాయి. ఒకే పెంకులో మట్టి అడవిది, ఇసుక గోదావరిది. కుండ పగలకుండా మట్టిలో కలిపే ఇసుకను మా భాషలో టెంపర్ అంటాం. చుక్కల్ని గోదావరి వైపు లాగింది ఆ టెంపర్.

సుధాకర్‌కు చెప్తే ఎగిరి గంతేస్తాడనుకున్నాను. అతను నెత్తి గోక్కున్నాడు. "వాగుల్నిండా ఇసుక పెట్టుకుని గోదావరి నుంచి ఎవరు మోసుకొస్తారు మేడం? సభలో నవ్వుతారు."

ఆ ప్రశ్న న్యాయమైనదే. అడగాల్సినవాళ్ళను అడుగుదామని మళ్ళీ బయల్దేరాం.

ఈసారి వెళ్ళేసరికి రేణుక అరుగు మీద కూర్చుని ఇసుక జల్లిస్తోంది. పక్కన ఎరువుల సంచి నిండా ఇసుక ఉంది. గుప్పెట్లోకి తీసుకుని చూశాను. తెల్లటి వాటి మధ్య నల్లగా నిగనిగలాడే రేణువులు.

"ఇది ఎక్కడిది పెద్దమ్మా?"

"గోదారిది," అంది నర్సమ్మ, అది కూడా అడగాలా అన్నట్టు.

"ఊళ్ళో వాగుంది కదా."

"వాగిసుక ఏస్తే కుండ పొయ్యి మీద పగుల్తది. నీళ్ళ కుండకైతే సరే గానీ వంట కుండకు పనికిరాదు. ప్రతేడు రాములోరి కల్యాణానికి పోతం గదా, వచ్చేటప్పుడు నీళ్ళల దిగి తీసి బస్సుల ఏసుకొస్త. కండక్టర్ తిడ్తడు. అందరు తలంబ్రాలు తెస్తుంటె నువ్వు ఇసుక తెస్తవేందమ్మా అంటడు."

సుధాకర్ నా వైపు చూశాడు. ఆ ఇసుక గుణం నాకు చప్పున అర్థమైంది. వాగు ఇసుకలో ఉండేది ఎక్కువగా తెల్లరాతి పలుకు, వేడికి అది బాగా ఉబ్బి చుట్టూ ఉన్న మట్టిని చీలుస్తుంది. నల్లరాతి రేణువు అంత ఉబ్బదు. పాతవాళ్ళు కూడా ఇసుక కోసమే గోదావరికి వెళ్ళి ఉండనక్కర్లేదు. జాతరకో, ఉప్పుకో, సంబంధానికో వెళ్ళి, వస్తూ తెచ్చుకుని ఉంటారు. పనిమీద పోయినవాళ్ళు ఉత్త చేతులతో ఎందుకొస్తారు?

"మొదటిసారి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పలేదేం పెద్దమ్మా?"

"నువ్వు మట్టి అడిగినవ్, మట్టి ఇచ్చిన. ఇసుక అడిగినవా?"

రేణుక కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వేశాను. ఇంటి కట్టు ప్రకారం కలిపిన ముద్ద బయటికి రాలేదు, పచ్చి మట్టి వచ్చింది. దానితో పోలిస్తే పెంకు పరాయిదిగానే కనిపిస్తుంది మరి.

"ఇప్పుడు నాకు కలిపిన మట్టే కావాలి. కాల్చి ఇస్తారా?" అని అడిగాను. ఆ ఇంటి కట్టుకు అడ్డు లేదు, నా పనికి అదే మేలు, ఎందుకంటే పెంకులూ కాలినవే. నర్సమ్మ కోడలి వైపు చూసింది. రేణుక ముద్ద తీసి ప్రమిదలా ఒత్తి ఆవంలో పెట్టింది. కుండలతో పాటు కాలిన ఆ ప్రమిదను సుధాకర్ నాకు పట్టుకొచ్చాడు.

మిగతా పని తొందరగానే అయింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద రేణువుల మధ్యనున్న మట్టి మీదనే గురి పెట్టి పాళ్ళు తీశాం. పెంకుల్లోని మట్టి గుంట మట్టితో సరిపోయింది. మేం చూసిన వాగుల్లో, చెరువుల్లో మరేదీ అంత దగ్గరగా రాలేదు. రేణుక ప్రమిదను పొడి చేసి ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో పెడితే దాని చుక్క పోయి సరిగ్గా పెంకుల గుంపులో కూర్చుంది. నేను ఒక్కదాన్నే గదిలో చప్పట్లు కొట్టాను.

గ్రామసభ బడి వరండాలో జరిగింది. ఎండ మండుతున్నా జనం బాగానే వచ్చారు. రెండు పెద్ద ఫొటోలు గోడకు తగిలించాను. ఒకటి పాత పెంకు లోపలిది, ఒకటి రేణుక ప్రమిద లోపలిది. ఏది పాతదో చెప్పమంటే ఎవరూ చెప్పలేకపోయారు. సర్పంచ్ వెంకన్న దగ్గరకొచ్చి చాలాసేపు చూశాడు. చెడ్డవాడు కాదు, బట్టీ వస్తే ఊరికి నాలుగు పనులు దొరుకుతాయని అతని ఆశ.

"అంటే మేడం, గా గుళ్ళు కట్టినోళ్ళు ఈ నర్సమ్మ తాతలేనా?"

సుధాకర్ ఆశగా నా వైపు చూశాడు. అవునంటే పని తేలికైపోతుంది. కానీ నా దగ్గర లేని మాట నేనెట్లా ఇస్తాను?

"అది నా మిషన్‌కు తెలియదు సర్పంచ్ గారూ. ఆ కుండలు చేసినవాళ్ళు ఈ గుంటలోనే మట్టి తీశారనడానికి ఆధారముంది. గోదావరి ఇసుకే కలిపారు. ఇప్పుడీ ఇంట్లో చేసేదీ అదే. చుట్టరికం మాత్రం నేను చెప్పలేను."

వెనక నుంచి ఎవరో "మరి చుట్టాలే కాకపోతే ఏంది లాభం" అన్నారు. నర్సమ్మ లేచి నిలబడింది.

"చుట్టరికం దేనికిరా? నేను ఈ ఇంట్ల పుట్టిన్నా? కోడలిగ వచ్చిన. మట్టి ఏడ తియ్యాలె, ఇసుక ఏడికెళ్ళి తేవాలె అని మా అత్త నాకు చెప్పింది. ఆమెకు వాళ్ళత్త చెప్పింది. నేను దీనికి చెప్తున్న," అని రేణుక భుజం మీద చెయ్యి వేసింది. "ఆ మాట మొదలు చెప్పినామె ఎవతైతే గామె మాకు అత్తనే. గుంట పోతే దీనికి నేనేం చెప్పాలె?"

నాకు కళ్ళు చెమర్చాయి, ఫొటోలు సర్దుకుంటున్నట్టు అటు తిరిగాను. వెంకన్న జనం వైపు తిరిగి, "బట్టీకి రోడ్డు అవతల చూద్దాం తియ్యి. గుంట జోలికి పోవద్దు," అన్నాడు. చేతులు లేచాయి. కొందరు లేపలేదు, ఆ మాటా చెప్పాలి. సుధాకర్ గుళ్ళనూ గుంటనూ కలిపి పైకి రాశాడు. ఆ కాగితం ఇంకా నడుస్తూనే ఉంది. గుంట మాత్రం ఉంది.

ఇప్పుడు నా దగ్గరికి ఏ పెంకు వచ్చినా పొడి చేసే ముందు ఒక పలక కోసి చూస్తాను. ఇది ఎక్కడిదని అడగడం మానేశాను. ఇందులో ఏది ఎక్కడిది, ఎవరు కలిపారు అని అడుగుతున్నాను. కుండకు ఒకే పుట్టిల్లు ఉంటుందనుకుని ఇన్నేళ్ళు వెతికాను, దానికి మెట్టినిల్లు కూడా ఉంటుందని ఆ ఇంట్లో తెలిసింది.

మరుసటి ఏడాది కల్యాణం అయిన మర్నాడు రేణుక ఫోన్ చేసింది. నర్సమ్మకు మోకాళ్ళ నొప్పులట, మొదటిసారి తనొక్కతే భద్రాచలం వెళ్ళి ఇసుక తెచ్చిందట.

"కండక్టర్ తిట్టాడా?" అని అడిగాను.

"తిట్టిండు మేడం. మీ అత్త మానిందనుకుంటే నువ్వు తయారైనవా అన్నడు." మళ్ళీ తనే అంది, "ఇంటికొచ్చినంక అత్తమ్మ సంచిల చెయ్యి పెట్టి చూసింది. ఒడ్డు మీదదా, నీళ్ళల దిగి తీసినవా అని అడిగింది. నడుముల లోతు దిగిన అత్తమ్మా అన్న. అవ్, ఇగ నువ్వు మా ఇంటిదానివి అన్నది."