బావ అమ్మిన జీపు

రెండు వేల సంవత్సరం ప్రాంతంలో, పత్తి బాగా పండిన ఏడు, సెకండ్‌హ్యాండ్ జీపు కొనాలనుకున్నాను. వినుకొండలో పాతబండ్లు అమ్మే మా అక్క భర్త ఒకటి చూపించాడు.

"పిల్లలతో తిరగడానికి భేషైన బండి. కళ్లు మూసుకుని తీసుకోరా" అన్నాడు.

వారానికే, కుటుంబంతో కనిగిరి వెళ్తుంటే వాలులో బ్రేకులు పడలేదు. ఎదురుగా బస్సు. పిల్లలు కేకలు పెడుతుంటే స్టీరింగు తిప్పి పత్తిచేలోకి పోనిచ్చాను. అదృష్టం, ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

జీపును వినుకొండకు లాగించుకొస్తే మెకానిక్ చూసి, "దీని బ్రేకులు పనికిరావని, మీకు అమ్మకముందే మీ బావగారికి చెప్పానండి" అన్నాడు.

వెళ్లి నిలదీశాను. బావ తలుపు దగ్గరగా వేసి, "మెల్లగా మాట్లాడరా, మీ అక్క వింటుంది" అన్నాడు. అంతే.

అక్క బతికున్నంత కాలం నేనీ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా పిల్లలు ఎక్కుతారని తెలిసే ఆయన ఆ బండి అమ్మాడు. అది మాత్రం ఈనాటికీ మరిచిపోలేకపోతున్నాను.